మొట్టమొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఏది: ఎనియాకా, అటనాసాఫ్ యంత్రమా?

ప్రశ్నపత్రాల మాస్టారు:

సభ్యులకు నమస్కారం. పోటీ పరీక్షలకు తయారయ్యే పిల్లల కోసం నేను వారానికొక నమూనా ప్రశ్నపత్రం రాస్తుంటాను. కిందటి వారం పత్రంలో "ప్రపంచంలో మొట్టమొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఏది?" అని అడిగి, కీలో ఎనియాక్ (1940లలో అమెరికాలో కట్టిన భారీ ఎలక్ట్రానిక్ లెక్కల యంత్రం) అని ఇచ్చాను. నేను చదువుకునే రోజుల్లో కంఠతా పట్టిన జవాబు అదే, ఇరవై ఏళ్లుగా పిల్లల చేత కంఠతా పట్టిస్తున్న జవాబూ అదే. ఒక అమ్మాయి మాత్రం నాలుగు ఆప్షన్లలో ఎ.బి.సి.ని, అంటే అటనాసాఫ్-బెర్రీ కంప్యూటర్‌ను గుర్తించింది. మార్కు తీసేస్తే ఊరుకోలేదు. ఎనియాక్‌ను కట్టినవాళ్లు దాని మూలాన్ని అటనాసాఫ్ అనే ఆచార్యుడి నుంచి తీసుకున్నారని 1973లో అమెరికా కోర్టే తేల్చిందని, కోర్టు తేల్చినదాన్ని నేను తప్పని ఎలా కొట్టేస్తానని అడిగింది. ఇంటికి వచ్చి చూసుకుంటే తీర్పు మాట నిజమే. ఆ ఒక్క మార్కు ఇచ్చేయడం పెద్ద విషయం కాదు. కీ మార్చాలా, ప్రశ్నే మార్చాలా అన్నది తేలక ఇక్కడ అడుగుతున్నాను. తీర్పు ఉంది కాబట్టి మొదటిది ఎ.బి.సి. అని చెప్పడం సబబేనా?

వాల్వు రేడియో:

మాస్టారూ, ముమ్మాటికీ సబబే. పాతికేళ్ల పాటు వాల్వులు అనే గాజు గొట్టాలతో నడిచే పాత రేడియోలు బాగుచేసి బతికినవాణ్ని కాబట్టి నా పక్షపాతం ముందే ఒప్పుకుంటాను. ఆ యంత్రం లోపలి పని తెలిసినకొద్దీ అటనాసాఫ్ మీద నాకు గౌరవం పెరిగింది.

అయోవా రాష్ట్రంలోని ఏమ్స్ పట్టణంలో, అయోవా స్టేట్ కళాశాలలో జాన్ విన్సెంట్ అటనాసాఫ్ గణితం, భౌతికశాస్త్రం బోధించేవారు. ఆయన దగ్గర పరిశోధన చేసే విద్యార్థులు పెద్ద పెద్ద రేఖీయ సమీకరణాలను బల్లమీది లెక్కల యంత్రాలతో సాధిస్తూ వారాలకు వారాలు పోగొట్టుకునేవారు. 1937-38 చలికాలంలో ఒక రాత్రి, ఎటూ పాలుపోక కారెక్కి, సుమారు 200 మైళ్లు నడుపుకుంటూ మిసిసిపీ నది దాటి, ఇల్లినాయ్‌లో దారి పక్కన ఒక మద్యశాలలో కూర్చున్నప్పుడు తనకు దారి కనిపించిందని ఆయనే తర్వాతి కాలంలో చెప్పారు. పళ్లచక్రాలకు బదులు వాల్వులు, పది అంకెలకు బదులు బైనరీ (సున్నా, ఒకటి మాత్రమే), లెక్కపెట్టడానికి బదులు తర్కవలయాలతో కూడిక, అంకెలు దాచడానికి కెపాసిటర్లు: ఇంచుమించు ఇవీ ఆ రాత్రి తేలిన సంగతులు.

ఈ కెపాసిటర్ల సంగతే చూడండి. కెపాసిటర్‌లో నిలిపిన విద్యుత్తు నిలవదు, చిల్లుకుండలో నీళ్లలా కారిపోతుంది. దానికి ఆయన చేసిన ఉపాయం ఏమిటంటే, కెపాసిటర్లను ఒక డ్రమ్ము లోపల వరుసలుగా పేర్చి, ఆ డ్రమ్మును సెకనుకు ఒక చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతి చుట్టులోనూ ఉన్న అంకెను చదివి, అదే అంకెను మళ్లీ నింపడం. కుండ ఖాళీ అయ్యేలోపు నీళ్లు పోస్తూ ఉండటమన్నమాట. ఒక్కో డ్రమ్ము మీద 50 బైనరీ అంకెల పొడవున్న సంఖ్యలు 30 పట్టేవి, అటువంటి డ్రమ్ములు రెండు. ఇవాళ మన ఫోన్లలో ఉండే డైనమిక్ ర్యామ్ అనే మెమరీ కూడా కారిపోయే కెపాసిటర్‌ను మళ్లీ మళ్లీ నింపుకుంటూనే బతుకుతోంది. 1939లో క్లిఫర్డ్ బెర్రీ అనే విద్యార్థితో కలిసి ఆయన నమూనా నడిపి చూపించారు. సుమారు 300 వాల్వులతో రాతబల్ల అంత ఉండే అసలు యంత్రం 1942 నాటికి నిలబడింది. ఎనియాక్‌కు కాంట్రాక్టు కుదిరిందే 1943లో. ఇక ఇందులో సందేహం దేనికి?

తర్కం:

వాల్వు రేడియో గారి వర్ణన బాగుంది, ఆ డ్రమ్ము గురించి రాసినదానిలో ఒక్క అక్షరం కూడా కాదనను. నా అభ్యంతరం వేరు. నేను కళాశాలలో కంప్యూటర్ సైన్సు చెబుతాను. ఒక యంత్రాన్ని కంప్యూటర్ అనాలంటే ముందుగా దానికిచ్చిన లెక్క అది చివరిదాకా చేసిందా అని అడుగుతాను.

ఎ.బి.సి.కి అప్పగించిన పని 29 సమీకరణాల వరకు సాధించడం. అది ఒకసారికి రెండు సమీకరణాలను పక్కపక్కన పెట్టుకుని ఒక చరరాశిని తొలగిస్తుంది. వచ్చిన కొత్త సమీకరణాన్ని ఒక కాగితపు కార్డు మీద విద్యుత్ మెరుపులతో చిన్న చిన్న మచ్చలుగా కాల్చి దాచుకుంటుంది. 29 సమీకరణాలను ఒక్కటికి దించాలంటే 28, 27, 26 ఇలా కూడుకుంటూ పోతే 406 తొలగింపులు అవసరం. వాటిలో ఏ కార్డు మీదనైనా ఒక్క మచ్చ సరిగ్గా కాలకపోయినా, చదివేటప్పుడు ఒక్కటి దాటిపోయినా, ఆ తర్వాతి లెక్క అంతా గంగలో కలిసినట్టే. ఆ కాల్చి చదివే పరికరం నమ్మకంగా పనిచేసే స్థితికి రానేలేదు. ఇంతలో యుద్ధం వచ్చింది, అటనాసాఫ్ 1942లో నావికాదళ పరిశోధనశాలకు వెళ్లిపోయారు, యంత్రం కళాశాల భవనం అడుగు అంతస్తులో మిగిలిపోయి, కొన్నేళ్లకు భాగాలుగా విడిపోయింది. పేటెంటు దరఖాస్తు కూడా దాఖలు కాలేదు.

ఎనియాక్ సంగతి చూడండి. ఫిరంగి గుండు ఒక నిమిషం పాటు చేసే ప్రయాణాన్ని మనిషి బల్లమీది యంత్రంతో లెక్కకట్టడానికి 20 గంటలు పట్టేది; ఎనియాక్‌కు 30 సెకన్లు, అంటే గుండు నేల తాకేలోపే లెక్క తేలిపోయేది. పైగా తీగలూ స్విచ్చులూ మారిస్తే మరో లెక్కకు మారుతుంది. దాని మొదటి పెద్ద లెక్క ఫిరంగులది కానే కాదు, 1945 డిసెంబరులో లాస్ అలమోస్ అణ్వాయుధ పరిశోధనశాల నుంచి వచ్చిన హైడ్రోజన్ బాంబు లెక్క. ఒకే పని కోసం పుట్టి, ఆ పనిని కూడా పూర్తిచేయని యంత్రాన్ని, పదేళ్ల పాటు రకరకాల లెక్కలు చేసిన యంత్రంతో ఒకే పీట మీద కూర్చోబెట్టడం నాకు న్యాయంగా తోచదు.

కోర్టు పక్షి:

ఇద్దరూ యంత్రాల గురించి రాశారు, కానీ మాస్టారు అడిగింది తీర్పు గురించి. వృత్తిరీత్యా వకీలును కాబట్టి ఆ భాగం నేను రాస్తాను.

ఎనియాక్ పేటెంటుకు దాన్ని కట్టిన మాక్లీ, ఎకర్ట్‌లు దరఖాస్తు చేసింది 1947 జూన్ 26న. అది మంజూరైంది 1964 ఫిబ్రవరిలో. అప్పటి అమెరికా చట్టం ప్రకారం పేటెంటు గడువు మంజూరు తేదీ నుంచి 17 ఏళ్లు. అంటే 1940ల నాటి యంత్రం మీద 1981 దాకా ప్రతి కంప్యూటర్ కంపెనీ రాయల్టీ కట్టాలి. పేటెంటు స్పెర్రీ రాండ్ కంపెనీ చేతిలో ఉంది, కట్టమన్నది పోటీ కంపెనీ హనీవెల్‌ను. 1967లో ఇరుపక్షాలూ ఒకే రోజు వేర్వేరు నగరాల్లో దావాలు వేసుకున్నాయి. చివరికి విచారణ మిన్నియాపోలిస్‌లో న్యాయమూర్తి ఎర్ల్ లార్సన్ ముందుకు వచ్చింది. 1973 అక్టోబరు 19న తీర్పు వెలువడింది. మర్నాడే వాటర్‌గేట్ వ్యవహారంలో అధ్యక్షుడు నిక్సన్ ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను తొలగింపజేయడంతో పత్రికలన్నీ అటు మళ్లాయి, ఇంత పెద్ద తీర్పు మూలన పడింది.

తీర్పులో పేటెంటు చెల్లదనడానికి ఆధారాలు ఒకటి కాదు. దరఖాస్తుకు ఏడాదికి మించి ముందే ఆ ఆవిష్కరణ వాడుకలోకి వస్తే హక్కు పోతుంది. లాస్ అలమోస్ లెక్క నడిచింది 1945 డిసెంబరులో, దరఖాస్తుకు ఏడాదిన్నర ముందు. అలాగే 1945 జూన్‌లో వాన్ నాయ్‌మన్ అనే గణితవేత్త పేరుతో పంచిపెట్టిన, కంప్యూటర్ రూపకల్పన గురించిన నివేదికను కూడా ముందస్తు ప్రచురణగా కోర్టు లెక్కలోకి తీసుకుంది. వీటికి తోడు, ఎకర్ట్, మాక్లీలు స్వయంచాలక ఎలక్ట్రానిక్ డిజిటల్ కంప్యూటర్‌ను తామే మొదట కనిపెట్టలేదని, ఆ విషయాన్ని అటనాసాఫ్ నుంచి గ్రహించారని కూడా స్పష్టంగా రాసింది. ఎవరూ అప్పీలుకు వెళ్లలేదు. అటనాసాఫ్ ప్రస్తావన లేకపోయినా మిగతా కారణాలతోనే పేటెంటు కూలిపోయి ఉండేది. ఒక పేటెంటు చెల్లుతుందా అన్న ప్రశ్నకు చెప్పిన జవాబును, చరిత్రలో మొదటి కంప్యూటర్ ఏది అన్న ప్రశ్నకు జవాబుగా వాడుకోవడంలో నాకు ఇబ్బంది ఉంది. అయితే ఆ అమ్మాయి తీర్పును తప్పుగా చెప్పలేదు.

బెర్లిన్ తెలుగు:

ఇక్కడ జర్మనీలో ఇదే ప్రశ్న వేస్తే మీ రెండు ఆప్షన్లూ కొట్టేస్తారు. కోన్రాడ్ త్సూజె 1941 మే 12న బెర్లిన్‌లో జెడ్-3 యంత్రాన్ని నిపుణులకు నడిపి చూపించాడు. చిల్లులు పొడిచిన సినిమా ఫిలిం మీద ప్రోగ్రాము, బైనరీ లెక్క, దశాంశ బిందువు ఎటైనా జరిగే సంఖ్యలు అన్నీ అందులో ఉన్నాయి. అసలుది 1943 చివర్లో బాంబుదాడిలో పోయింది. మ్యూనిక్ మ్యూజియంలో దాని ప్రతిరూపం ఉంది. ఆ బీరువాల ముందు నిలబడితే టెలిఫోన్ ఎక్స్చేంజి గుర్తుకొస్తుంది. అందులో ఉన్నవి సుమారు 2,600 రిలేలు (విద్యుత్తుతో కదిలే స్విచ్చులు), వాల్వులు కావు. కాబట్టి మాస్టారి ప్రశ్నలో "ఎలక్ట్రానిక్" అన్న మాట ఉన్నంతవరకే త్సూజె బయట ఉంటాడు, ఆ మాట తీసేస్తే కీ మొత్తం తారుమారు.

వాల్వు రేడియో:

కోర్టు పక్షి గారు మిగతా ఆధారాలను గుర్తుచేసినందుకు సంతోషం, కానీ అటనాసాఫ్ భాగాన్ని అంత తేలిగ్గా పక్కకు నెట్టకండి. మాక్లీ 1941 జూన్‌లో ఏమ్స్‌కు వెళ్లి, అటనాసాఫ్ ఇంట్లోనే కొన్ని రోజులు బస చేసి, యంత్రం దగ్గర గడిపి, దాన్ని వివరించే వ్రాతప్రతిని చదివారు. ఆ సెప్టెంబరులో ఆయనే ఉత్తరం రాస్తూ, మీ యంత్రంలోని కొన్ని లక్షణాలు కలుపుకుని నేనూ ఒక కంప్యూటర్ కడితే మీకు అభ్యంతరమా అని అటనాసాఫ్‌ను అడిగారు. తర్వాతి కాలంలో ఆ యంత్రంలో తనకు పెద్దగా ఏమీ కనిపించలేదని మాక్లీ చెప్పుకుంటే ఈ ఉత్తరాన్ని ఎక్కడ పెట్టాలి?

ఇక యంత్రం పూర్తిగా పనిచేయలేదన్న మాట. 1997 నాటికి ఏమ్స్‌లోనే దాని ప్రతిరూపాన్ని కట్టి నడిపి చూపించారు. డ్రమ్ములు తిరిగాయి, కూడికలు వచ్చాయి. కార్డు కాల్చే పరికరం బలహీనమైనదని నేనూ ఒప్పుకుంటాను. రేడియోలో ఒక్క స్పీకరు పాడైతే అది రేడియోయే కాదని మాత్రం నేను ఏ గిరాకీకీ చెప్పలేదు.

తర్కం:

స్పీకరు పోలికకు నవ్వొచ్చింది, కానీ అంగీకరించలేను. ఉత్తరం నిజమే, దానివల్ల మాక్లీ ప్రవర్తన ప్రశ్నార్థకం అవుతుంది. అయినా ఎనియాక్ లోపల వెతికితే అటనాసాఫ్ ఎక్కడ కనిపిస్తారు? తన యంత్రం లెక్కపెట్టకూడదని, తర్కంతో కూడాలని అటనాసాఫ్ పట్టుబట్టారు. ఎనియాక్ అచ్చంగా లెక్కపెట్టే యంత్రం: ఒక్కో దశాంశ అంకెకు ఆన్-ఆఫ్ స్విచ్చుల్లాంటి పది ఫ్లిప్‌ఫ్లాప్‌లను వలయంగా కట్టి, పల్సులు వచ్చినకొద్దీ ఒక్కో గడి జరుపుతారు. బైనరీ లేదు, తిరిగే డ్రమ్ము లేదు, కెపాసిటర్ మెమరీ లేదు. మద్యశాలలో తేలిన నాలుగు సంగతుల్లో వాల్వులు వాడవచ్చన్న ధైర్యం ఒక్కటే మిగిలింది. పదిహేడు వేలకు పైగా వాల్వులను ఒకేసారి బతికించడం ఎకర్ట్ పనితనం. వాటిని నిర్ణీత వోల్టేజి కంటే తక్కువలో నడిపి ఆయుష్షు పెంచారు. ఈ సంగతి వాల్వు రేడియో గారికి నాకంటే బాగా తెలుస్తుంది.

ఇంకొక మాట. వాల్వులతో పెద్ద యంత్రం నడపవచ్చని ఎనియాక్ కంటే ముందే నిరూపించింది ఇంగ్లండ్. టామీ ఫ్లవర్స్ కట్టిన కొలొసస్, సుమారు 1,600 వాల్వులతో, 1944 ఫిబ్రవరికి బ్లెచ్లీ పార్కులో జర్మన్ రహస్య సందేశాల మీద పనిచేస్తోంది. 1970ల దాకా అది రహస్యంగా ఉండటంతో మిన్నియాపోలిస్ కోర్టు ముందు దాని పేరే లేదు. అది తెలిసి ఉంటే తీర్పు భాష ఎలా ఉండేదో ఊహించడం కోర్టు పక్షి గారికే వదిలేస్తాను.

వాల్వు రేడియో:

వోల్టేజి తగ్గించడం గురించి చెప్పింది నిజం. ఫిలమెంటు మందంగా ఎర్రబడితే వాల్వు ఏళ్లు నిలుస్తుంది, గిరాకీలకు నేనూ అదే చెప్పేవాణ్ని. ఎకర్ట్‌కు దండం పెడతాను. మాక్లీ విషయంలో నా మాట మారదు.

ప్రశ్నపత్రాల మాస్టారు:

అందరికీ ధన్యవాదాలు. ఆ అమ్మాయికి మార్కు ఇచ్చేశాను. ఎనియాక్ రాసినవాళ్ల మార్కులూ తీసేయలేదు. పాత ప్రశ్న ఇక నా పత్రాల్లో ఉండదు. దాని బదులు రెండు ప్రశ్నలు రాశాను. మొదటిది: "1946లో ఫిలడెల్ఫియాలో ప్రజలకు ప్రదర్శించిన, వేర్వేరు లెక్కలకు మార్చుకోగలిగిన ఎలక్ట్రానిక్ డిజిటల్ కంప్యూటర్ ఏది?" రెండోది: "1973లో ఎనియాక్ పేటెంటును చెల్లదన్న తీర్పు ఎవరి యంత్రాన్ని దానికి మూలంగా పేర్కొంది?" రెండోదానికి అటనాసాఫ్, త్సూజె, ఫ్లవర్స్, బాబేజ్ అని ఆప్షన్లు ఇస్తున్నాను. అదే అమ్మాయికి చూపిస్తే, మొదటి ప్రశ్నలో ఊరూ సంవత్సరమూ చెప్పేశాక ఇంక అడగడానికి ఏం మిగిలిందని అంది. ఆ మాటా నిజమే. పత్రం శనివారం జిరాక్సుకు వెళుతుంది; ఇంతకంటే మంచి వాక్యం ఎవరికైనా తోస్తే ఆలోపు పంపండి.