సాలీళ్ళ పుస్తకాలు రాసినాయనకి వికీపీడియాలో పేజీ ఉండాలా, తీసేయాలా?

ప్రశ్న:

వికీపీడియాలో ఒక రచయిత పేజీకి తొలగింపు మూస (ఈ పేజీ తీసేయాలా అని చర్చకి పెట్టే నోటీసు) పడింది. పేరు చెప్పను, బతికున్న మనిషి, ఆయన మీద కాదు, పద్ధతి మీద చర్చ కావాలి. సాలీళ్ళని గుర్తుపట్టడం ఎలాగో చెప్పే పుస్తకాలు మూడు రాశారు. ప్రొఫెసర్ కాదు, ఉద్యోగం వేరే. ఆ రంగంలో పనిచేసేవాళ్ళకి ఆ పుస్తకాలు లేనిదే గడవదు, బయటివాళ్ళకి మాత్రం ఆయనెవరో తెలీదు, పేపర్లలో ఒక్క వార్త కూడా రాలేదు. తీసేయాలన్నవాళ్ళు "విషయ ప్రాముఖ్యత లేదు", అంటే విడిగా పేజీ పెట్టడానికి నియమాలు అడిగేంత గుర్తింపు లేదు, అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఉంచాలన్నవాళ్ళు "చాలా గొప్ప పుస్తకాలు" అంటున్నారు. చర్చకున్న ఏడు రోజుల గడువులో సగం అయిపోయింది. మీరేమంటారు?

జవాబు 1:

తీసేయాలి. పేజీలో ఇచ్చిన మూలాలన్నీ తెరిచి చూశాను. ప్రచురణకర్త సైటు, పుస్తకాలు అమ్మే సైటు, ఆయన తన గురించి తానే రాసుకున్న పరిచయం. మూడూ ఆయన వైపు నుంచి వచ్చినవే. ఐఎస్‌బీఎన్ అనే పుస్తకాల గుర్తింపు సంఖ్య ఉంది, లైబ్రరీల్లో ఉంది అంటే సరిపోదు, అచ్చయిన చాలా పుస్తకాలకి అవి ఉంటాయి. రేపు ఇంకొకరు వచ్చి "ఆయనకి ఉంది కదా, నాకెందుకు లేదు" అంటే ఏం చెప్తాం?

జవాబు 2:

ఉంచాలి. ఈ నియమాలతో ఎంత నష్టం జరిగిందో అందరికీ తెలుసు. డోనా స్ట్రిక్లాండ్‌కి 2018లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చిన రోజున ఆమెకి పేజీ లేదు, ఆమె పేజీ కోసం ఎవరో పంపిన చిత్తుప్రతిని అదే ఏడాది మే నెలలో వెనక్కి కొట్టారు. పైగా సాలీళ్ళ రంగంలో ఉద్యోగం చూసి మనిషిని కొలవడం అసలు కుదరదు. జంతువుల శాస్త్రీయ నామాలన్నిటికీ 1758 నాటి లిన్నేయస్ పుస్తకం మొదలైతే, సాలీళ్ళకి మాత్రం అంతకు ముందు ఏడాది వచ్చిన కార్ల్ క్లెర్క్ పుస్తకంలోని పేర్లే చెల్లుతాయి. ఆ క్లెర్క్ స్టాక్‌హోమ్‌లో పన్నుల ఉద్యోగి! ఇప్పుడీయన పేరు మీద ఒక సాలీడు జాతి కూడా ఉంది, ఇంకేం కావాలండీ?

జవాబు 3:

రెండువైపులా అసలు చేయాల్సిన పని వదిలేశారు. "గొప్ప పుస్తకం" అన్నది మన అభిప్రాయం, "ఎవరికీ తెలీదు" అన్నదీ మన అభిప్రాయమే. వికీపీడియా నియమం అడిగేది వేరు: ఆయనతో ఏ సంబంధమూ లేనివాళ్ళు, నమ్మదగిన చోట, ఆయన గురించో ఆయన పని గురించో వివరంగా రాశారా లేదా. రచయితలకైతే ఇంకో వెసులుబాటు కూడా ఉంది. సాటివాళ్ళు విరివిగా ఉటంకిస్తున్నా, పేరున్న రచనల మీద స్వతంత్రమైన సమీక్షలు ఒకటికి మించి వచ్చినా సరిపోతుంది. పేపర్లో ఫొటో పడాలని ఎక్కడా లేదు. ఇలాంటి రచయిత గురించి పేపర్లలో వెతికి దొరకలేదనడం, వెతకకూడని చోట వెతకడమే.

ఎలాంటి సమీక్ష లెక్కలోకి వస్తుందో చెప్తాను, ఎందుకంటే గొడవంతా ఇక్కడే ఉంది. చాలా సాలీళ్ళని కంటితో చూసి ఏ జాతో చెప్పలేం. పూర్తిగా ఎదిగినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, మగదైతే నోటి పక్కనుండే పాల్పుల (చిన్న కాళ్ళలాంటి అవయవాల) చివర, ఆడదైతే పొట్ట అడుగున ఉండే జననాంగం ఏ ఆకారంలో ఉన్నాయో చూడాలి. అందుకే గుర్తింపు పుస్తకం విలువంతా ఆ భాగాల బొమ్మల్లోనూ, "ఇలా ఉంటే ఫలానా అంకెకి వెళ్ళండి, అలా ఉంటే ఇంకో అంకెకి" అని నడిపించే పట్టికలోనూ ఉంటుంది. సమీక్షకుడు తన దగ్గరున్న నమూనాలు ముందు పెట్టుకుని ఆ పట్టిక వెంట నడిచి, ఎక్కడ దారి తప్పిందో, ఏ బొమ్మ పాత పుస్తకాలకన్నా స్పష్టంగా ఉందో, ఏ జాతిని వదిలేశారో రాస్తే అది అసలైన సమీక్ష. దాన్ని చదివేది కొద్దిమందే కావచ్చు, కానీ రాసినవాడికి విషయం తెలుసు, మొహమాటం లేదు. అదే "కొత్తగా అందిన పుస్తకాలు" అన్న శీర్షిక కింద పేరూ ధరా వేసి రెండు ముక్కలు రాస్తే, ఎంత పెద్ద పత్రికైనా సరే, పనికిరాదు.

సాలీడుకి ఆయన పేరు పెట్టడం గౌరవమే, కాదనను. కానీ పెట్టింది స్నేహితులే కావచ్చు. ప్రపంచ సాలీళ్ళ జాబితాలో జాతుల సంఖ్య 2022లోనే 50,000 దాటింది, వాటిలో మనుషుల పేర్లు పెట్టుకున్నవి బోలెడు. దాని మీద పేజీ నిలబెట్టలేం.

జవాబు 2 వారూ, స్ట్రిక్లాండ్ సంగతి మాత్రం మీరు తిరగేసి చెప్తున్నారండీ. ఆమె 2013లో కాంతిశాస్త్రం వాళ్ళ పెద్ద సంఘమైన ఆప్టికల్ సొసైటీకి అధ్యక్షురాలు, పరిశోధకులకున్న నియమం ప్రకారం అదొక్కటే చాలు. ఆ చిత్తుప్రతిని చూసినవాళ్ళు అందులో ఇచ్చిన మూలాల దగ్గరే ఆగిపోయారు, బయట ఏముందో వెతకలేదు. నియమం చెప్పేదేమో, మూలాలు పేజీలో ఎక్కినా ఎక్కకపోయినా లోకంలో ఎక్కడైనా ఉంటే చాలని. తొలగింపుకి పెట్టేముందు వెతకమని కూడా అక్కడే రాసుంది. జవాబు 1 వారు ఉన్న మూడింటినీ తెరిచి చూశారు, మంచిదే, నాలుగోదాన్ని వెతికారా?

జవాబు 1:

అలాంటి సమీక్షలు దొరికాయే అనుకుందాం. అవన్నీ పుస్తకం గురించి, మనిషి గురించి కాదు. అప్పుడు పుస్తకానికి పేజీ పెట్టండి, మనిషికెందుకు? ఆయనెక్కడ పుట్టారో ఏం చదివారో చెప్పే స్వతంత్ర మూలం ఒక్కటీ లేకుండా జీవితచరిత్ర ఎలా రాస్తారు?

జవాబు 3:

మంచి ప్రశ్న. రాసింది ఒక్క పుస్తకమే అయితే నేనూ మీ మాటే అనేవాణ్ణి: పుస్తకానికి పేజీ, రచయిత పేరు నుంచి దానికి దారిమార్పు, అంటే పేరు వెతికినవాళ్ళని నేరుగా ఆ పేజీకి పంపడం. మూడు పుస్తకాలుండి, రెండిటికైనా గట్టి సమీక్షలుంటే లెక్క మారుతుంది. మూడు మొలకలు (రెండు మూడు వాక్యాల చిన్న పేజీలు) విడివిడిగా పెట్టడం కన్నా ఒక్క పేజీలో పని మొత్తం చెప్పడం చదివేవాళ్ళకి మేలు. రచయిత పేజీ అంటే పుట్టుకా పెళ్ళీ పిల్లలూ అని ఎందుకనుకోవాలి? రెండు వాక్యాల్లో ఎవరో చెప్పి, మిగతాదంతా ఏం రాశారు, ఏ జాతుల గుర్తింపు దానివల్ల తేలికైంది, సమీక్షకులు ఎక్కడ తప్పుపట్టారు అని రాయొచ్చు. తప్పుపట్టిన మాటలు కూడా తప్పకుండా రాయాలి, అది ప్రచార పత్రం కాదు.

ప్రశ్న వేసినవారు:

పేజీలో ఆయన కుటుంబం గురించి, ఊరి గురించి ఒక పెద్ద పేరా ఉంది, మూలం ఏమీ లేదు. ఏం చేయాలి?

జవాబు 3:

ఈరోజే తీసేయండి, చర్చ ముగిసేదాకా ఆగొద్దు. బతికున్నవాళ్ళ గురించి మూలం లేని సొంత విషయాలు ఒక్క పూట కూడా ఉండకూడదు, అసలు ఆ పేరా చూసే చాలామందికి ఇది సొంత డబ్బా అనిపించి ఉంటుంది. తర్వాత సమీక్షలు వెతికి, ఏ పత్రిక, ఏ ఏడాది, ఎన్నో పేజీ, ఎవరు రాశారు అన్నది తొలగింపు చర్చలో పెట్టండి. రాసినవాళ్ళు ఆయన సహరచయితలో, అదే ప్రచురణ సంస్థవాళ్ళో కాదని చూసుకోండి. స్నేహితులని పిలిచి "ఉంచాలి, ఉంచాలి" అని రాయించొద్దు దయచేసి. చర్చ ముగించే నిర్వాహకులు చేతులు లెక్కపెట్టరు, వాదన చూస్తారు, అలా గుంపుగా వస్తే ఉన్న మంచి వాదన కూడా మునిగిపోతుంది. వెతికాక ఒక్క సమీక్షే మిగిలితే నేనూ తీసేయమనే అంటాను.

ప్రశ్న వేసినవారు:

వెతికాను. నాలుగు దొరికాయి. ఒకటి సహరచయిత రాసింది, ఒకటి రెండు వాక్యాల పరిచయం, ఆ రెండూ పక్కన పెట్టేశాను. మిగిలిన రెండూ వేర్వేరు పత్రికల్లో, వేర్వేరు పుస్తకాల మీద, నమూనాలతో సరిచూసి రాసినవే. ఒకదాంట్లో ఆడ సాలీళ్ళ పట్టికలో రెండు జాతులు తారుమారయ్యాయని గట్టిగా విమర్శించారు, అదీ పేజీలో చేర్చాను. కుటుంబం పేరా తీసేశాను.

జవాబు 1:

రెండూ చదివాను, స్వతంత్రమైనవే. "తొలగించాలి" కొట్టేసి "పుస్తకాల పేజీలో విలీనం" అని మార్చాను. మనిషికి విడిగా పేజీ వద్దన్న మాట మీద ఇంకా ఉన్నాను.

జవాబు 3:

విలీనం చేయడానికి ఆ పుస్తకాల పేజీ ముందు ఉండాలి కదండీ, ఇప్పటికి లేదు. మీరు మొదలుపెడితే సమీక్షల భాగం నేను రాస్తాను, ఏది నిలుస్తుందో నిర్వాహకులు తేలుస్తారు.