రజనీకాంతరావు గారు వినడం నేర్పిన తీరు

ప్రశ్న: బాలాంత్రపు రజనీకాంతరావు గారిని ‘భక్తిరంజని’ రూపకర్తగా మాత్రమే తలుచుకుంటున్నాము. ఆకాశవాణిలో ఆయన సంగీతాన్ని శ్రోతలకు అందించిన పద్ధతి గురించి, ఆ ప్రసారాలు విన్న పెద్దలు దయచేసి వివరించగలరా?

జవాబు: 1941లో మద్రాసు కేంద్రంలో చేరిన రజని గారు కవి, స్వరకర్త, పరిశోధకుడు కూడా కావడం వల్ల, ఒక కీర్తనలోని సాహిత్యాన్ని రాగం నుంచి విడదీయకుండా వినిపించాలన్న పట్టుదల ఆయన కార్యక్రమాలలో స్పష్టంగా కనిపించేది. విజయవాడ కేంద్రం నుంచి ఉదయాన్నే వచ్చిన భక్తిరంజనిలో రామదాసు కీర్తనలతో పాటు తత్త్వాలకూ సమాన గౌరవం దక్కింది; శాస్త్రీయ సంగీతం తెలియని మా అమ్మమ్మ వంటివారికి అవి కంఠస్థమయ్యాయంటే, నా దృష్టిలో ఆయన సాధించిన అసలైన విజయం అదే.

మరొక జవాబు: బాలమురళీకృష్ణ గారి గాత్రం ఆ కార్యక్రమానికి పెద్ద వరమైంది. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’కు 1961లో రజనీకాంతరావు గారికి సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ గ్రంథం చదివిన తరువాత, రేడియోలో వినిపించిన ప్రతి పాట వెనుక ఎంత అధ్యయనం ఉందో నాకు బోధపడింది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదములండీ. 2018లో, తొంభై ఎనిమిదేళ్ల వయసులో ఆయన కన్నుమూసిన రోజున మా నాన్నగారు రేడియో పక్కన చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. ఆ మౌనం నాకిప్పుడు అర్థమవుతోంది.