ఓహ్తాని ఒక్కడు చాలునా?

మైదానంగట్టు:
అమెరికా బేస్‌బాల్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు 2024లోను, 2025లోను ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ రెండేళ్లూ అక్కడి రెండు లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం, ఓటర్లందరి ఏకాభిప్రాయంతో, పిచింగ్ (బంతి విసరడం), బ్యాటింగ్ రెండూ చేసే డాడ్జర్స్ ఆటగాడు షోహెయ్ ఓహ్తానికే దక్కింది. 1998 నుంచి 2000 వరకు న్యూయార్క్ యాంకీస్ గెలిచిన తరువాత వరుసగా మూడుసార్లు విజేతగా నిలిచిన జట్టు లేదు. 2026లో డాడ్జర్స్‌కు ఆ అవకాశం ఉందంటే మొదటి కారణం ఓహ్తానియే అన్నది నా వాదన. 2025లో మిల్వాకీపై లీగ్ ఫైనల్ నాలుగో ఆటలో పిచర్‌గా పరుగు ఇవ్వకుండా పదిమందిని స్ట్రయికవుట్ (మూడు స్ట్రయికులతో ఔట్) చేసి, అదే రోజు మూడు హోమ్ రన్లు (మన సిక్సర్ల వంటివి) కూడా కొట్టిన మనిషి ఆయన.

అనాహైమ్ వాసి:
అదే ఓహ్తాని 2018 నుంచి 2023 వరకు మా ఏంజెల్స్‌కు ఆడారు. పక్కనే, మూడుసార్లు ఈ పురస్కారం పొందిన మైక్ ట్రౌట్ ఉన్నారు. ఆ ఆరు సీజన్లలో ఒక్కసారైనా గెలుపులు ఓటములను మించలేదు, ప్లేఆఫ్ గడప తొక్కలేదు. టికెట్టు కొని చూసినవాణ్ణి కనుక కాస్త కటువుగా చెబుతున్నాను, మన్నించండి.

స్కోరుపుస్తకం:
మనం క్రికెట్ కళ్లతో చూడడం వల్లనే ఈ చిక్కు వస్తోందని నా అభిప్రాయం. క్రికెట్‌లో గొప్ప బ్యాటర్ ఔట్ కానంతవరకు ఛేదనను తన భుజాన మోయగలడు. బేస్‌బాల్‌లో ఎంతటివాడైనా తొమ్మిదిమందిలో తన వంతు వచ్చేదాకా కూర్చోవలసిందే, వంతు వచ్చినప్పుడు కూడా ప్రత్యర్థి కావాలనుకుంటే అతనికి ఆడే బంతే వేయకుండా మొదటి బేస్‌కు (పరుగు దారిలో తొలి మజిలీకి) పంపేయవచ్చు; దీన్నే నడిపించడం అంటారు. 2025 వరల్డ్ సిరీస్ మూడో ఆటలో టొరొంటో చేసింది సరిగ్గా అదే: రెండు హోమ్ రన్లు, రెండు డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్లు) కొట్టిన ఓహ్తానిని ఆపైన వరుసగా నాలుగుసార్లు ఉద్దేశపూర్వకంగా నడిపించారు. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో ముగిసే ఆటను ఆ రోజు పద్దెనిమిదో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్‌తో ముగించినది డాడ్జర్స్‌కే చెందిన ఫ్రెడ్డీ ఫ్రీమన్. 2024 వరల్డ్ సిరీస్‌లోనైతే రెండో ఆటలో భుజం తొలగిన ఓహ్తాని 19 ప్రయత్నాలలో రెండే హిట్లు సాధించినా, జట్టు యాంకీస్‌ను 4–1తో ఓడించింది. పైగా పత్రికా రచయితలు ఈ పురస్కారానికి ఓట్లు వేసేది ప్లేఆఫ్‌లు మొదలుకాక ముందే. దానిని ట్రోఫీకి జాతకంగా చదవడం ఎంతవరకు సబబు?

మైదానంగట్టు:
నడిపించడం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అయితే ఆయన ఒప్పందాన్ని మీరు లెక్కలోకి తీసుకోలేదు. పదేళ్లకు 70 కోట్ల డాలర్లలో 68 కోట్లను ఆ పదేళ్లూ గడిచాక తీసుకోవడానికి ఆయన అంగీకరించారు. ఆ వెసులుబాటు ఉన్నందువల్లనే చుట్టూ ఇంత బలమైన జట్టును కూర్చగలిగారు.

స్కోరుపుస్తకం:
అది నా వాదనకే బలం, సోదరా. 2025 వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో పిచర్‌గా మొదలుపెట్టిన ఓహ్తాని మూడో ఇన్నింగ్స్‌లోనే టొరొంటో బ్యాటర్ బో బిషెట్‌కు మూడు పరుగుల హోమ్ రన్ ఇచ్చారు. డాడ్జర్స్ తరఫున తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు సమం చేసినది మిగెల్ రోహాస్, పదకొండో ఇన్నింగ్స్‌లో గెలిపించిన హోమ్ రన్ విల్ స్మిత్‌ది, ముందురోజు కూడా ఆడి ఆ రాత్రి చివరి బంతి వరకు నిలిచినవాడు పిచర్ యోషినోబు యమమోటో. 2026 గురించి నన్నడిగితే, ఓహ్తాని బ్యాట్ కన్నా ముందు యమమోటో భుజం ఎలా ఉందో కనుక్కుంటాను.