అమెరికా ఇన్సూరెన్సా, బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్సా, జర్మనీ పద్ధతా? వైద్యం ఖర్చుకి ఏ దేశం నయం?

ఖమ్మం_కుర్రాడు
బదిలీకి కంపెనీ మూడు ఊళ్లు చూపించింది: డాలస్, లీడ్స్, ఫ్రాంక్‌ఫర్ట్. జీతం, అద్దె లెక్కలు వేసుకున్నాను. తేలనిదల్లా వైద్యం ఖర్చు. నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప వెళ్తాం. అమ్మానాన్నలు ఖమ్మంలోనే ఉంటారు. నాన్నకి 66, షుగర్, బీపీ ఉన్నాయి. ఏ దేశం పద్ధతి నయమో అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి. రాజకీయాలు వద్దు ప్లీజ్.

డాలస్_బాబాయ్
రాజకీయం లేకుండా ఈ సబ్జెక్టు మాట్లాడటం కుదరదు తమ్ముడూ, అయినా ప్రయత్నిస్తా. ఇక్కడ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో వస్తుంది. ప్రీమియంలో పెద్ద వాటా కంపెనీదే. ఏటా మొదట కొంత, అంటే డిడక్టబుల్, మన జేబులోంచి పోతుంది. ఆ తర్వాత మనదొక వాటా. ఒక హద్దు దాటాక మిగతాదంతా ఇన్సూరెన్స్ వాళ్లదే. ఆ హద్దు 2025లో ఒక మనిషికి 9,200 డాలర్లు, కుటుంబానికి 18,400 మించకూడదని చట్టం. ఇన్సూరెన్స్ వాళ్లతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల్లో, అంటే నెట్‌వర్క్‌లో, చూపించుకుంటే చాలు, ఎంత పెద్ద జబ్బొచ్చినా ఏడాదికి ఎంత పోతుందో ముందే తెలుసు. అమెరికాలో జబ్బు చేస్తే ఇల్లు అమ్ముకోవాలని ఊళ్లో అనుకుంటారు. మంచి కంపెనీలో ఉన్నవాడికి ఆ భయం అక్కర్లేదు. బ్రిటన్‌లో మోకాలి ఆపరేషన్‌కి ఎన్ని నెలలు ఆగాలో లీడ్స్ వాళ్లనే అడుగు.

లీడ్స్_లలిత
పేరు పెట్టి పిలిచినట్టే ఉంది కాబట్టి వచ్చాను బాబాయ్ గారూ. ఆగాలి, నిజమే. స్పెషలిస్టుకి రాసిన 18 వారాల్లో చికిత్స మొదలవ్వాలన్నది ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ, పెట్టుకున్న గడువు. ఇంగ్లండ్‌లో 2016 నుంచి అది అందుకోలేదు. వెయిటింగ్ లిస్టు 70 లక్షలు దాటింది. పళ్ల డాక్టరు దొరకడమైతే ఇంకో గోల. కానీ గుండెపోటు, కాన్పు, పసిపిల్లల ఎమర్జెన్సీ ఆ లైన్లో నిలబడవు. మా రెండోవాడు నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉన్నాడు. డిశ్చార్జి రోజు మా ఆయన అలవాటుకొద్దీ బిల్లు కౌంటర్ ఎక్కడ అని అడిగితే, నర్సు కార్ పార్కింగ్ మెషీన్ వైపు చెయ్యి చూపించింది. మేం కట్టింది అదొక్కటే.

కుర్రాడు గారూ, మీరు ముందే కట్టాల్సింది మాత్రం ఒకటుంది. వీసాతోపాటు హెల్త్ సర్‌ఛార్జి పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. మీ ముగ్గురికీ మూడేళ్ల వీసా అంటే 8,538 పౌండ్లు ఒకేసారి. ఎవరు కడతారో కంపెనీని అడగండి.

డాలస్_బాబాయ్
అదీ సంగతి. ఫ్రీ అంటూనే 8,538.

లీడ్స్_లలిత
నేను ఫ్రీ అనలేదండీ. కాన్పు రోజు బిల్లు రాలేదన్నాను.

ఎడిసన్_అమ్మ
బాబాయ్ గారి హద్దు గురించి ఒక మాట. మా బాబుకి జ్వరంలో ఫిట్స్ వస్తే 911కి ఫోన్ చేశాం. ఆసుపత్రి మా ఇంటికి దగ్గరే. ఇన్సూరెన్స్ ఇచ్చింది పోగా అంబులెన్స్ వాళ్లు మాకు పంపిన బిల్లు 1,900 డాలర్లు. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందిట, అంబులెన్స్ లేదుట. ఫిట్స్‌తో కొట్టుకుంటున్న పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని మీ బండి ఏ నెట్‌వర్క్ అని అడగాలా?

డాలస్_బాబాయ్
అమ్మా, అలాంటి సర్‌ప్రైజ్ బిల్లులు 2022 జనవరి నుంచి చట్టం ఆపేసింది. అప్పీల్ చెయ్యాల్సింది.

ఎడిసన్_అమ్మ
ఆ చట్టంలో హెలికాప్టర్ అంబులెన్స్ ఉంది, రోడ్డు మీద వెళ్లే అంబులెన్స్ లేదు. చూసుకోండి.

డాలస్_బాబాయ్
రాష్ట్రాల చట్టాలున్నాయిగా. మా టెక్సాస్‌లో రోడ్డు అంబులెన్స్‌కి కూడా ఉంది.

ఎడిసన్_అమ్మ
మా ఆయన కంపెనీ క్లెయిములు తన సొంత డబ్బుతోనే కడుతుంది, ఇన్సూరెన్స్ కంపెనీ కాగితాలు చూడటానికే. అలాంటి ప్లాన్లకి రాష్ట్ర చట్టం వర్తించదు. పెద్ద కంపెనీల్లో చాలావరకు ఇంతే. మీది కూడా అదేనేమో అడిగి చూడండి.

డాలస్_బాబాయ్
సరే, ఫోన్ చేసి గట్టిగా మాట్లాడితే సగానికి తగ్గిస్తారు. నేను రెండుసార్లు తగ్గించుకున్నా. అడగనివాడికి ఎవరు తగ్గిస్తారు?

ఫ్రాంక్‌ఫర్ట్_మిర్చి
ఫోన్లో బేరమాడితే సగమయ్యే బిల్లుని మేమిక్కడ వైద్యం ఖర్చు అనం బాబాయ్.

జర్మనీ లెక్క సింపుల్. 1883లో అప్పటి ఛాన్సలర్ బిస్మార్క్ మొదలుపెట్టిన పద్ధతే ఇంకా నడుస్తోంది. జీతంలో 14.6 శాతం, దానిమీద మనం చేరిన ఫండ్‌ని, అంటే ప్రభుత్వ పద్ధతిలో నడిచే ఇన్సూరెన్స్ సంస్థని బట్టి ఇంకొంచెం. సగం మనది, సగం కంపెనీది. భార్యకి సంపాదన లేకపోతే ఆవిడా పాపా మీ కార్డు మీదే, అదనంగా పైసా లేదు. ఆసుపత్రిలో ఉంటే రోజుకి 10 యూరోలు, ఏడాదిలో 28 రోజుల వరకే. అలాగని స్వర్గమేమీ కాదు. చర్మం డాక్టరుకి ఫోన్ చేస్తే ముందు అడిగేది ఒంట్లో ఎలా ఉందని కాదు, ప్రభుత్వ ఫండా, ప్రైవేటా అని. ప్రైవేటు అంటే వచ్చే వారం, ఫండ్ అంటే రెండు మూడు నెలలు. జీతం పెరిగాక ప్రైవేటుకి మారితే చవకే. 55 దాటాక వెనక్కి రావడం దాదాపు అసాధ్యం, అప్పటికి ప్రీమియం చుక్కలు చూపిస్తుంది.

డాలస్_బాబాయ్
చూశారా? అక్కడా డబ్బున్నవాడికే ముందు. దాచిపెట్టి చేస్తారు, మేం బాహాటంగా చేస్తాం. సూటిగా అడుగుతున్నా: రోజూ ఐదింటికి లేచి పరిగెత్తేవాణ్ణి, సిగరెట్టు ముట్టనివాణ్ణి, తాగి లివర్ పాడుచేసుకున్నవాడికి నా జీతంలోంచి ఎందుకు కట్టాలి? ఎవడి జబ్బు వాడిది, ఎవడి ఇన్సూరెన్స్ వాడిది. ఇందులో తప్పేముంది?

లీడ్స్_లలిత
మీ అమ్మగారు మీ దగ్గరే ఉంటారని పోయినసారి వీసాల చర్చలో మీరే రాశారు. ఆవిడకి ఇన్సూరెన్స్ ఎలా వచ్చింది?

డాలస్_బాబాయ్
దానికీ దీనికీ ఏమిటి సంబంధం? సిటిజన్ అయ్యాక గ్రీన్ కార్డు పెట్టి తెచ్చుకున్నా. మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఎవరికి వారు ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ సైట్లో ప్లాన్ కొన్నా, నెలనెలా నేనే కడుతున్నా. ఐదేళ్లు నిండితే డబ్బు కట్టి మెడికేర్‌లో, అంటే పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్‌లో చేరొచ్చు. నువ్వు మీ అమ్మని బ్రిటన్‌కి తెచ్చుకోగలవా? 2012లో రూల్స్ బిగించాక మీ వాళ్లకి ఆ దారే మూసేశారుగా. అన్నీ ఇచ్చే ప్రభుత్వం అమ్మని మాత్రం రానివ్వదు!

లీడ్స్_లలిత
తెచ్చుకోలేను. పోయినేడు నాన్న పోతే ఒక్కర్తీ తెనాలిలో ఉంటోంది. నాకు చేతకాని చోట నొక్కి సంతోషపడాలనుకుంటే పడండి.

కానీ జవాబు చెప్పి వెళ్తాను. డెబ్భై ఏళ్ల మనిషిని, బీపీ, షుగర్ ఉన్న మనిషిని ఏ ఇన్సూరెన్స్ కంపెనీ ఇష్టపడి తీసుకుంటుంది? మీ అమెరికాలో 2010లో ఒబామాకేర్ చట్టం వచ్చి, 2014 నుంచి ఎవరినీ కాదనకూడదంది కాబట్టి తీసుకుంది. వయసు ఎంతైనా కుర్రాళ్ల ప్రీమియానికి మూడు రెట్లు మించి అడగకూడదని కూడా అందులోనే ఉంది. ఆవిడ వైద్యానికి మూడు రెట్లతో సరిపోతుందా? మిగతాది జిమ్‌కి వెళ్లే ఎవరో పాతికేళ్ల కుర్రాడి ప్రీమియంలోంచి వస్తోంది. వాడూ ఐదింటికే లేస్తాడు. వాడు వచ్చి ‘మీ అమ్మకి నేనెందుకు కట్టాలి’ అంటే ఏం చెప్తారు?

డాలస్_బాబాయ్
మా అమ్మ తాగి లివర్ పాడుచేసుకోలేదు. మాటలు జాగ్రత్త.

మోడరేటర్
ఇంట్లోవాళ్ల ప్రస్తావన ఇద్దరూ ఆపండి. లేకపోతే తాళం వేస్తాను.

ఓరుగల్లు_పోరడు
తాళం వేసే ముందు నన్ను ఒక్కసారి మాట్లాడనివ్వండి. పొద్దుటినుంచి చదువుతున్నా. డాలస్‌లో ఇంత, లీడ్స్‌లో అంత. అడిగినాయన నాన్న ఖమ్మంలో ఉన్నాడు. ఆయన గురించి ఒక్కరన్నా మాట్లాడారా?

మా అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు. నాన్నకి హెల్త్ పాలసీ ఆన్‌లైన్‌లో అన్నయ్యే తీసుకున్నాడు. షుగర్ ఉందా అన్నచోట ‘లేదు’ నొక్కాడు. టెస్టులు అడుగుతారు, ప్రీమియం పెరుగుతుంది అన్నాడు. ఈ సంక్రాంతి ముందు నాన్న బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగింది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ‘షుగర్ ఎన్నాళ్లనుంచి పెద్దాయనా’ అంటే, నాన్న నొప్పిలో ‘పదేండ్లు’ అన్నాడు. అది కేస్ షీట్‌లో ఎక్కింది. క్యాష్‌లెస్ రిజెక్ట్. కారణం: జబ్బు దాచారు. 3 లక్షల 40 వేలు. చిట్టీ పాడి, బావ దగ్గర తెచ్చి కట్టిన. అన్నయ్య వీడియో కాల్‌లో ఏమన్నాడో తెలుసా? ‘పదేళ్లని నాన్నతో ఎందుకు చెప్పించావ్?’

తర్వాత డబ్బు పంపిండు, కాదనను. కానీ అడ్మిషన్ రోజు కౌంటర్ దగ్గర డిపాజిట్ కోసం నిలబడ్డది నేను. మీ అందరి దేశాల్లో సిస్టం బాగుంది, ఎందుకంటే మీ ముసలోళ్లు ఇక్కడున్నారు. వాళ్ల సిస్టం ఊళ్లో మిగిలిన కొడుకు.

ఎడిసన్_అమ్మ
ఇది చదివి మా తమ్ముడికి ఫోన్ చేశాను. ఇంకేం రాయలేను.

డాలస్_బాబాయ్
ఓరుగల్లూ, ఊళ్లో ఉన్నవాడికి పొలం, ఇల్లు కూడా మిగులుతాయి. డబ్బు పంపినవాణ్ణి కూడా దొంగని చేస్తే ఎలా?

ఓరుగల్లు_పోరడు
పొలం అన్నయ్య పేరు మీదనే ఉంది బాబాయ్.

బిల్లింగ్_కౌంటర్
గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో పని చేస్తాను. ఓరుగల్లు గారు చెప్పింది మా దగ్గర రోజూ జరిగేదే. నాన్నలు షుగర్‌ని రౌండ్ ఫిగర్‌లో చెప్తారు. ఐదు, పది, పదిహేను. అవతల కూర్చున్న టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) డాక్టరు కేస్ షీట్‌లో ముందు చూసేది ఆ లైనే.

కుర్రాడు గారూ, మీరు ఏ దేశం వెళ్లినా మీ నాన్నగారు ఆ దేశం లెక్కలోకి రారు. జర్మనీలో కార్డు భార్యాబిడ్డల వరకే. అమెరికాకి విజిటర్‌గా వస్తే విడిగా కొనే పాలసీలు పాత జబ్బుల్ని దాదాపు పక్కన పెడతాయి. బ్రిటన్‌లో విజిటర్‌ని అడ్మిట్ చేసుకుంటే మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు వేస్తారు. కాబట్టి ఆయన పాలసీ ఇక్కడే తీసుకోవాలి, అదీ మీరు ఇక్కడుండగానే.

65 దాటితే ఇవ్వరన్న మాట పాతది, 2024లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ అడ్డు తీసేసింది. షుగర్, బీపీ ఉన్నాయని రాయండి. ప్రీమియం పెరుగుతుంది, పెరగనివ్వండి. పాత జబ్బులకి క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే వెయిటింగ్ మూడేళ్లు మించకూడదు. పాలసీ ఆపకుండా 60 నెలలు నిండితే, మోసమని రుజువు చేస్తే తప్ప క్లెయిమ్ కాదనడానికి లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా లేదు. ఇంకొకటి, ఎవరూ చదవనిది: రూమ్ రెంట్ హద్దు. 5 లక్షల పాలసీలో రూముకి ఒక శాతం అని ఉంటే రోజుకి 5,000. మీరు 10,000 రూము తీసుకుంటే కోత రూముకే కాదు, సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీలకీ అదే నిష్పత్తిలో పడుతుంది. డిశ్చార్జి నాడు మా కౌంటర్ దగ్గర సగం గొడవలు దీనికే.

తెల్ల కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో 10 లక్షలు చేశారు. కాకపోతే బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు ఆపిన రోజులు మనం చూసినవే, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. 70 నిండితే ఆదాయంతో పనిలేకుండా కేంద్రం ఆయుష్మాన్ కార్డు 5 లక్షలకి వస్తుంది. మీ నాన్నకి ఇంకా నాలుగేళ్లు.

ఓరుగల్లు గారూ, పాలసీ తీసుకుని ఎన్నాళ్లయింది?

ఓరుగల్లు_పోరడు
నాలుగు దాటింది. ఐదు నిండలే.

బిల్లింగ్_కౌంటర్
అయితే కష్టమే, ఫారంలో లేదని ఉంది కదా. అయినా విరిగింది ఎముక. జారిపడటానికీ షుగర్‌కీ సంబంధం లేదని ఆపరేషన్ చేసిన డాక్టరుతో ఒక లెటర్ రాయించుకోండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి పెట్టండి. నెలలో జవాబు రాకపోయినా, కాదన్నా హైదరాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. వస్తుందని మాటివ్వలేను.

డాలస్_బాబాయ్
లెటర్ ఇంగ్లీషులో రాయాల్సి వస్తే నాకు పంపు తమ్ముడూ, దిద్దిపెడతా. కానీ లలిత గారి మూడు రెట్ల లెక్క నేను ఒప్పుకోలేదు, అది వేరే థ్రెడ్‌లో తేల్చుకుందాం.

లీడ్స్_లలిత
పెట్టండి, వస్తాను.

ఖమ్మం_కుర్రాడు
నాన్న కేస్ పేపర్లు తీయించాను. షుగర్ 2017 నుంచిట, ఆయన మాత్రం పదిహేనేళ్లంటున్నాడు. కౌంటర్ గారూ, ఫారంలో 2017 అని రాసి ఆ మొదటి చీటీ జత చేస్తే చాలా?

బిల్లింగ్_కౌంటర్
చాలు. ఆ చీటీ జెరాక్స్ ఇంకొకటి ఆయన దగ్గర కూడా ఉంచండి.