"కంటికి కన్ను" అంటే నష్టపరిహారమే అన్న రబ్బీలు శాసనాన్ని వ్యాఖ్యానించారా, మార్చేశారా?

పాతనిబంధన_పాఠకుడు:
నిర్గమకాండం 21:24లో "కంటికి కన్ను, పంటికి పల్లు" అని ఉంది. మన చర్చిల్లో ఈ మాట ఎక్కువగా వినేది కొండమీద ప్రసంగంలో, యేసు దాన్ని ఎత్తిన చోట. దాంతో యూదుల కోర్టుల్లో నిజంగానే కళ్లు పీకేవారని చాలామంది అనుకుంటారు. కానీ యూదు మతపండితులైన రబ్బీల చర్చల సంకలనం తాల్మూదులో, బాబా కమ్మా అనే భాగం చూస్తే, కన్ను పోగొట్టినవాడు డబ్బు కట్టాలనే ఉంది. నా మాట సూటిగా చెబుతాను. శాసనం మరీ కఠినంగా తోచి రబ్బీలు దాన్ని మార్చారు. మార్చడం మంచిదే, దానికి వ్యాఖ్యానమని పేరు పెట్టడమే నాకు మింగుడుపడదు. లేవీయకాండం 24:19 "వాడు చేసినట్టే వాడికి చేయాలి" అంటోంది. ఇంతకంటే స్పష్టంగా ఎలా రాస్తారు?

గుంటూరు_వకీలు:
ఒక్క వచనం పట్టుకుని తీర్పు చెప్పలేమండీ. అదే 21వ అధ్యాయంలో 18, 19 వచనాలు చూడండి. కొట్లాటలో దెబ్బ తిని మంచాన పడినవాడికి పోయిన పనిరోజుల డబ్బు, వైద్యం ఖర్చు ఇవ్వమంది గానీ, కొట్టినవాణ్ణి తిరిగి కొట్టమనలేదు. ఇక సంఖ్యాకాండం 35:31 హంతకుడి ప్రాణానికి బదులు సొమ్ము తీసుకోవద్దంటుంది. ప్రాణానికి వద్దని విడిగా చెప్పారంటే, అవయవానికి తీసుకోవచ్చనే కదా? తాల్మూదు సరిగ్గా ఈ వాదనే చేస్తుంది.

డబ్బు అనేసి ఊరుకోలేదు కూడా. తాల్మూదుకు మూలపాఠమైన మిష్నాలో ఐదు పద్దులున్నాయి: అవయవ నష్టం, నొప్పి, వైద్యం, పని నష్టం, అవమానం. నష్టం లెక్క ఎలాగంటే, ఆ మనిషిని సంతలో బానిసగా అమ్మితే దెబ్బకు ముందు ఎంత పలికేవాడు, ఇప్పుడెంత పలుకుతాడు, ఆ తేడా. పని నష్టానికి అతను దోసతోట కాపలాదారు అన్నట్టు కూలి కడతారు. చేతి విలువ మొదటి పద్దులోనే కట్టేశారు కాబట్టి, చెయ్యి లేకుండా చేయగల పనికే కూలి. అవమానానికి మాత్రం అవమానించినవాడెవరు, పడ్డవాడెవరు అని చూస్తారు. ఇలా పద్దు పద్దుకీ హద్దు గీసుకున్నవాళ్లు శాసనాన్ని దులిపేసుకున్నారంటే నేను ఒప్పుకోను.

మీమాంస_విద్యార్థిని:
వకీలు గారి మాటకు కొంత కలుపుతాను. రబ్బీలకు వ్యాఖ్యాన సూత్రాలున్నాయి. పాతతరం పండితుడు హిల్లేల్ పేరున ఏడు, రబ్బీ ఇష్మాయేల్ పేరున పదమూడు. ఆ పదమూడూ నేటికీ ఉదయ ప్రార్థనల పుస్తకంలో ఉంటాయి. మొదటిది, కల్ వహోమెర్, మన కైముతిక న్యాయమే: తేలికైన విషయంలోనే ఇలా ఉంటే బరువైనదాని సంగతి చెప్పాలా? రెండోది గెజెరా షావా. రెండు చోట్ల ఒకే మాట వస్తే ఒకచోటి విధిని రెండోచోటికి తెస్తారు. దీనితో ఏదైనా నిరూపించేయొచ్చని వాళ్లకీ తెలుసు. అందుకే గురువు దగ్గర విన్నది తప్ప సొంతంగా ఎవరూ గెజెరా షావా చేయకూడదని కట్టడి పెట్టుకున్నారు.

పాఠకుడు గారూ, మీ ఆరోపణకు నా అసలు జవాబు ఇది. మార్చదలచుకున్నప్పుడు వాళ్లు బాహాటంగానే మార్చారు. ఏడో ఏట అప్పులు రద్దు కావాలని ద్వితీయోపదేశకాండం 15 చెబుతుంది. దానికి భయపడి జనం అప్పులివ్వడం మానేస్తే హిల్లేల్ ప్రొజ్బూల్ తెచ్చాడు. అప్పు వసూలును కోర్టుకు అప్పగించే పత్రం అది. దాన్ని హిల్లేల్ చేసిన కట్టుబాటు అనే మిష్నా రాసింది, వచనానికి కొత్త అర్థం అనలేదు. ఆ దారి తెరిచి ఉండగా, కంటి విషయంలో వ్యాఖ్యానం అనే ముసుగు వేసుకోవాల్సిన అవసరం ఏముంది?

పాతనిబంధన_పాఠకుడు:
ప్రొజ్బూల్ మంచి పాయింటే. మరి మొండికొడుకు సంగతో? ద్వితీయోపదేశకాండం 21 అతన్ని రాళ్లతో కొట్టి చంపమంది. రబ్బీ యెహూదా తల్లిదండ్రులిద్దరూ గొంతులో, రూపంలో, ఎత్తులో ఒకేలా ఉండాలన్నాడు. అలాంటి కేసు జరగలేదు, జరగబోదు అని తాల్మూదే చెప్పుకుంది. ఇది శాసనాన్ని అమలుకు రాకుండా చేయడం కాదా?

మీమాంస_విద్యార్థిని:
ఆ పేజీలోనే రబ్బీ యోనాతాన్, అలా శిక్షపడ్డ కొడుకు గురించి, "నేను చూశాను, అతని సమాధి మీద కూర్చున్నాను" అంటాడు. ఆ మాటను కొట్టేయలేదు.

గుంటూరు_వకీలు:
ఈ తగువు మనం మొదలుపెట్టింది కాదు. పదో శతాబ్దంలో రబ్బీల పక్షాన సాదియా గావోన్‌కూ, రబ్బీల సంప్రదాయాన్ని ఒప్పుకోని కరాయితు శాఖ పండితుడు బెన్ జూటాకూ ఇదే వాదం జరిగింది. బైబిలు వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రా తన వ్యాఖ్యలో దాన్ని రాసిపెట్టాడు. దెబ్బ వల్ల చూపులో మూడో వంతు పోతే, సరిగ్గా అంతే పోయేలా తిరిగి ఎలా కొడతారన్నాడు సాదియా. డబ్బే అయితే బీదవాడు ఏం కడతాడన్నాడు బెన్ జూటా. గుడ్డివాడు ఇంకొకడి కన్ను పొడిస్తే ఏం చేస్తారు, బీదవాడు రేపు సంపాదించుకోవచ్చు, గుడ్డివాడు ఎప్పటికీ ఆ బాకీ తీర్చలేడు అని సాదియా జవాబు.

పాతనిబంధన_పాఠకుడు:
ఆ కథ చివర చూడండి. పెద్దల సంప్రదాయాన్ని ఆనుకోకుండా తోరాను, అంటే మోషే ధర్మశాస్త్రాన్ని, పూర్తిగా వివరించలేమని ఇబ్న్ ఎజ్రాయే ఒప్పుకున్నాడు. యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్ ఇంకా ముందుకెళ్లి, మోషే నుంచి, యెహోషువ కోర్టు నుంచి ఇదే ఆచారం అన్నాడు. హిల్లేల్ విషయంలోనూ అంతే. పస్కా సబ్బాతున పడితే బలి ఇవ్వొచ్చా అన్న ప్రశ్నకు అతని సూత్రాలన్నీ తోసిపుచ్చారు. తన గురువులు షెమాయా, అవ్తాల్యోన్‌ల దగ్గర విన్నానన్నాకే ఒప్పుకున్నారని యెరూషలేము తాల్మూదు చెబుతుంది. అంటే పని చేసింది సూత్రం కాదు, సంప్రదాయం.

మీమాంస_విద్యార్థిని:
దాన్ని నేను కాదనను. ఏ సూత్రం ఎక్కడ వాడాలో చెప్పేది సంప్రదాయమే. అది వాళ్లు దాచలేదు.

పాతనిబంధన_పాఠకుడు:
అయితే రబ్బీ ఎలీయెజెర్‌ను ఏం చేస్తారు? గురువు నోట విననిది ఎన్నడూ పలకనివాడని పేరు. చుక్క కూడా కారని గచ్చు తొట్టి అని ఆయన్ను మెచ్చుకున్నాడు గురువు యోహానాన్ బెన్ జక్కాయ్. అలాంటి ఎలీయెజెరే ఈ వచనం గురించి "అక్షరాలా కన్నే" అన్నాడు. సంప్రదాయం మోషే నుంచీ ఒక్కటే అయితే, అంత నమ్మకంగా మోసినవాడు వేరేది ఎలా విన్నాడు? పరిహారం గాయపడినవాడి కంటిని బట్టి కాదు, పొడిచినవాడి కంటి విలువను బట్టి లెక్కించాలన్నదే ఆయన భావమని తర్వాతి తరాల రవ్ ఆషీ సర్దిచెప్పాడు. ఆ సర్దుబాటు మీకు నమ్మబలంగా ఉందా?

మీమాంస_విద్యార్థిని:
నాకు లేదు. ఎలీయెజెర్ అన్నది అన్నట్టే అన్నాడనుకుంటాను. అంటే ఒకప్పుడు రెండు సంప్రదాయాలుండేవి, ఒకటి గెలిచింది. ఓడినదాన్ని చెరిపేయకుండా గెలిచినవాళ్లే పేజీలో ఉంచారు కాబట్టే మీరు ఈ ప్రశ్న అడగగలిగారు.