డల్లాస్ నుంచి కొలరాడోకి హిమాలయన్ 411 మీద: ఏ సామాను పెట్టుకోవాలి, పిస్టల్ సంగతేంటి?

డల్లాస్‌రైడర్411:
జూలైలో వెళ్తున్నాను. డల్లాస్, అమరిల్లో, డాల్‌హార్ట్, క్లేటన్, రటోన్ (ఈ రెండూ న్యూమెక్సికోలో) మీదుగా కొలరాడో, ఆ తర్వాత డురాంగో నుంచి సిల్వర్టన్, యూరే. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, రెండు చక్రాలకీ ట్యూబులే. బండితో వచ్చిన టూల్‌కిట్ చాలుతుందా? చాలకపోతే ఇంకా ఏం కొనాలి?

రెండో ప్రశ్న. ఇక్కడి రైడర్లలో చాలామంది దూరాలకి హ్యాండ్‌గన్ పెట్టుకుని వెళ్తారు. టెక్సస్‌లో లైసెన్సు కూడా అక్కర్లేదంటున్నారు. ఒక ఫ్రెండ్ తన పిస్టల్ ఇస్తానన్నాడు. నేను హెచ్1బీ మీద ఉన్నాను. తీసుకెళ్లవచ్చా?

కాగితాలపులి:
హెచ్1బీ అన్నారు కాబట్టి రెండో ప్రశ్న అక్కడితో అయిపోయింది. వద్దు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి లైసెన్సు లేకుండా పెట్టుకోవచ్చన్న మాట నిజమే, కానీ అది తుపాకీ ఉంచుకునే హక్కు ఉన్నవాళ్లకి. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి నాన్ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే కేంద్ర) చట్టమే చెబుతోంది (18 యూఎస్‌సీ 922(జీ)(5)(బీ)). రాష్ట్రం ఊరుకున్నా ఫెడరల్ ఊరుకోదు. శిక్ష 15 ఏళ్ల వరకూ ఉంది. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. మీ వీసా సంగతి తెలిసి ఇస్తే మీ ఫ్రెండ్‌కీ నేరమే.

వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని రోడ్ ట్రిప్‌కి పిస్టల్ కట్టుకోవాలనుకునేవాళ్లు ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగడం మంచిది, ఫోరంలో కాదు. గ్రీన్‌కార్డు వాళ్లకి ఈ అడ్డంకి లేదు.

రింగుపానా:
టూల్‌కిట్ సంగతికొస్తాను. క్లేటన్ చుట్టుపక్కల మిమ్మల్ని ఆపేది దొంగ కాదు, ముల్లు. ఆ ప్రాంతంలో గోట్‌హెడ్ అని తిట్టుకునేది మన పల్లేరే, అదే మొక్క. పెట్రోలు కోసం రోడ్డు దిగి మట్టిలో బండి నిలిపారంటే టైరుకి గుచ్చుకుంటుంది. అందుకే డబ్బులూ బరువూ ముందు పంక్చర్ సామాను మీద పెట్టండి.

కొనాల్సినవి: 21 అంగుళాల ముందు ట్యూబు ఒకటి, 17 అంగుళాల వెనక ట్యూబు ఒకటి. ఒక్కదానికే చోటుంటే 21ది పెట్టుకోండి. మడత పడి అయినా 17లో సర్దుకుని ఊరు చేరుస్తుంది, 17ది 21లోకి సాగదు. 8 నుంచి 10 అంగుళాల టైరు లివర్లు మూడు, వాల్వ్ పిన్ తీసే కీ, ప్యాచులు, వాటిని అతికించే సొల్యూషన్ (జిగురు) చిన్నవి రెండు (ఒకసారి మూత తీశాక ఎండిపోతుంది, అందుకే రెండు), గరుకు కాగితం, చిన్న సీసాలో సబ్బునీళ్లు. రెండు యాక్సిల్ నట్లకీ సరిపోయే పానాలు ఇంట్లో ఉన్నప్పుడే బిగించి చూసుకోండి. షోరూంలో ఎయిర్ గన్‌తో బిగించిన నట్టు చిన్న పిడి పానాకి కదలదు. ఇంట్లోనే ఒకసారి విప్పి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) మళ్లీ బిగిస్తే రోడ్డు మీద పంతం పట్టదు.

వెనక చక్రం పంక్చరైతే: ఈ బండికి సెంటర్ స్టాండ్ ఉండటం పెద్ద అదృష్టం. విప్పే ముందు చైన్ అడ్జస్టర్ గీతలు రెండు వైపులా ఫోటో తీయండి. చక్రం దించాక వాల్వ్ పిన్ తీసి గాలి పూర్తిగా వదలండి, వాల్వ్ మీది నట్టు కూడా తీసేయండి. టైరు అంచుని రెండు వైపులా రిమ్ము నుంచి విడగొట్టాలి. తర్వాతే అసలు కిటుకు. రిమ్ము మధ్యలో లోతైన గాడి ఉంటుంది. వాల్వ్‌కి ఎదురుగా మోకాళ్లతో తొక్కి అంచుని ఆ గాడిలోకి దింపితే, వాల్వ్ దగ్గర లివర్‌కి వదులు దొరుకుతుంది. బలం ఎక్కువ పెట్టాల్సి వస్తోందంటే అవతలి వైపు అంచు గాడిలోంచి పైకొచ్చేసిందన్నమాట. ఆగి మళ్లీ తొక్కండి. ఒక్కో పట్టు రెండు అంగుళాలు మించకూడదు.

ట్యూబు తీశాక టైరు లోపల గుడ్డతో తుడుస్తూ ముల్లు వెతకండి, వేళ్లతో కాదు. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఉంది. పల్లేరు ముళ్లు ఒక్కటే ఉండవు, చుట్టూ చూడాలి. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది.

కొత్త ట్యూబులో ఆకారం వచ్చేంత గాలి మాత్రం కొట్టి లోపల పెట్టండి. ఖాళీ ట్యూబు పెడితే లివర్ కింద నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. ఎక్కించేటప్పుడు వాల్వ్‌కి ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించాలి, ఎందుకంటే వాల్వ్ ఉన్నచోట గాడి నిండి ఉంటుంది, అంచు దిగదు. గాలి నింపాక రిమ్ము పక్కన టైరు మీదున్న సన్న గీత చుట్టూ ఒకే ఎత్తులో కనిపించాలి. ఒకచోట లోపలికి పోయి ఉంటే గాలి వదిలి, సబ్బునీళ్లు రాసి మళ్లీ కొట్టండి.

బయల్దేరే ముందు బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా నొక్కండి. చక్రం తీసినప్పుడు ప్యాడ్లు వెనక్కి జరుగుతాయి, మొదటి నొక్కుకి బ్రేకు అందదు.

కూకట్‌పల్లి_గ్యారేజ్:
అన్న పంక్చర్ మొత్తం చెప్పేశాడు, మిగతావి నేను చెప్తా. క్లచ్ వైరు కొత్తది ఒకటి తీసుకుని, పాతదాని పక్కనే అదే దారిలో వేసి, రెండు కొసలకీ టేపు చుట్టి వదిలేయండి. తెగితే ట్యాంకు విప్పకుండా కొసలు మార్చుకుంటే చాలు. చైన్ లాక్ (తెగిన చైన్‌ని కలిపే లింకు) రెండు, మీ చైన్ పక్క ప్లేటు మీదున్న సైజుదే. క్లిప్పు మూసిన కొస చైన్ తిరిగే వైపుకి ఉండాలి, తిరగేసి పెడితే రాయి తగిలి ఊడిపోతుంది. 8, 10, 12, 13, 14, 17 పానాలు, 4, 5, 6, 8 అలెన్ కీలు, కటింగ్ ప్లయర్, లాకింగ్ ప్లయర్, కట్టుతీగ, జిప్ టైలు, ఫ్యూజులు. గేరు లివర్ స్పేర్ ఉంటే మంచిది, బండి పడినప్పుడు ముందు వంగేది అదే. రెండు పాళ్లు కలిపి పూసే ఎపాక్సీ జిగురు ఒకటి. ఇంజిన్ కేసు పగిలి ఆయిల్ కారుతుంటే పెట్రోలుతో తుడిచి, ఇంజిన్ చల్లారాక పూయాలి, రాత్రంతా ఆరనివ్వాలి. బండి వేడిగా ఉన్నప్పుడు పెట్రోలు జోలికి పోకండి.

డల్లాస్‌రైడర్411:
పిస్టల్ ఆలోచన మానేశాను. కానీ ఆ ఫ్రెండ్ కూడా తన బండి మీద వస్తున్నాడు, గ్రీన్‌కార్డు. తనది తను తెచ్చుకుంటానంటున్నాడు. నాకేమైనా ఇబ్బందా? ఇంకోటి, 12 వోల్టుల కంప్రెసర్‌ని యూఎస్‌బీ సాకెట్‌కి తగిలించవచ్చా?

కాగితాలపులి:
మీ పెట్టెలో పెట్టనివ్వకండి, "కాసేపు పట్టుకో" అన్నా వద్దు. ఆయన బండి మీద, ఆయన తాళంలో, తాళంచెవి ఆయన జేబులోనే ఉండాలి. మోటెల్ గది ఒకటే అయితే అక్కడా అంతే. మీ చేతికి అందేలా ఉంటే మీ దగ్గర ఉన్నట్టే వాదిస్తారు.

ఆయన వరకూ చూస్తే మూడు రాష్ట్రాలకి మూడు పద్ధతులు. టెక్సస్ లైసెన్సు తీసుకుని ఉంటే న్యూమెక్సికో, కొలరాడో రెండూ ఒప్పుకుంటాయి (కొలరాడోకి 21 నిండిన టెక్సస్ నివాసి అయి ఉండాలి). లైసెన్సు లేకుండా టెక్సస్‌లో చెల్లిన పద్ధతి సరిహద్దు దాటాక చెల్లుతుందనుకోకూడదు. కొలరాడోలో 15 తూటాలకి మించి పట్టే మ్యాగజీన్ (పిస్టల్‌లో తూటాలు పెట్టే డబ్బా) నిషేధం. 2025 జనవరి 1 నుంచి మనిషి లేని బండిలో హ్యాండ్‌గన్ వదిలితే తాళం వేసిన గట్టి పెట్టెలో, కంటికి కనబడకుండా ఉండాలి. గుడ్డ సంచి పనికిరాదు.

అన్నిటికంటే తేలిక దారి 1986 ఫెడరల్ చట్టంలోని 926ఏ సెక్షన్. బయల్దేరేచోటా, చేరేచోటా తుపాకీ ఉంచుకునే, వెంట పెట్టుకుని తిరిగే హక్కు ఉంటే, తూటాలు తీసేసి, తాళం పెట్టెలో పెట్టి దాటవచ్చు. మోటార్‌సైకిల్‌కి డిక్కీ ఉండదు కాబట్టి తాళం వేసిన పెట్టె తప్పనిసరి, తూటాలు కూడా చేతికందకూడదు. బడికి 1000 అడుగుల్లోపు హైవే పోయే ఊళ్లలో ఫెడరల్ స్కూల్ జోన్ చట్టం కూడా ఇదే పద్ధతికి మినహాయింపు ఇస్తుంది. నేషనల్ పార్కుల్లో 2010 నుంచి ఆ రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది, కానీ విజిటర్ సెంటర్ లోపలికి, పోస్టాఫీసు లోపలికి తీసుకెళ్లకూడదు.

రింగుపానా:
ఒంటిమీద కట్టుకునేవాళ్లకి ఒకటి: నడుము వెనక మాత్రం వద్దు. జారి వీపు మీద పడితే ఆ ఇనుప ముద్ద నేరుగా వెన్నుపూస మీద దిగుతుంది. జాకెట్‌లో బ్యాక్ ప్రొటెక్టర్ పెట్టుకుని దాని కింద పిస్టల్ దోపడంలో అర్థం లేదు.

కంప్రెసర్‌ని యూఎస్‌బీకి తగిలించకండి, ఆ సాకెట్ ఫ్యూజు చిన్నది. చిన్న కంప్రెసర్లు కూడా 8 నుంచి 15 ఆంపియర్లు లాగుతాయి. బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి, పాజిటివ్ వైపు బ్యాటరీకి దగ్గరగా 15 ఆంపియర్ల ఫ్యూజు వేసి, కొస సీటు కింద కట్టేయండి. గాలి కొట్టేటప్పుడు ఇంజిన్ నడవనివ్వండి. గాలి బదులు నింపే సీఓ2 గ్యాసు సీసాలు అత్యవసరానికి బాగానే ఉంటాయి గానీ ఆ గ్యాసు ట్యూబు రబ్బరు లోంచి త్వరగా జారిపోతుంది, మర్నాడు మామూలు గాలి కొట్టాలి.

పర్వతాల్లో గుడారం వేస్తారనుకుంటే బేర్ స్ప్రే (ఎలుగుబంటిని తరిమే కారం స్ప్రే) కొనండి. కనీసం 7.9 ఔన్సుల డబ్బా. ట్యాంకు పక్కన బాటిల్ కేజ్‌లో పెట్టండి, సైలెన్సర్ వైపు కాదు. 120 ఫారెన్‌హీట్ దాటితే డబ్బా పేలవచ్చు, జూలై ఎండలో నల్ల పెట్టె లోపల ఆ వేడి సులువుగా వస్తుంది. సేఫ్టీ క్లిప్పుకి సన్న జిప్ టై ఒకటి వేస్తే గతుకులకి ఊడిపోదు. గుడారం వేశాక తెంపేయండి.