సంక్రాంతి సెలవుల్లో క్యాంపు, క్లాసులు: పిల్లల్ని ఊరికి పంపాలా, ఆపాలా?

కోనసీమ_కబురు
ఏటా జనవరిలో ఇదే గొడవ. పేరుకి సెలవులే. ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు కాలేజీలో ‘స్టడీ అవర్స్’, ఆటల్లో ఉన్నవాళ్ళకు క్యాంపు. సెలవుల్లో క్లాసులు పెట్టొద్దని ఇంటర్ బోర్డు హెచ్చరిస్తూనే ఉంటుంది, పేరు మార్చి నడిపేవాళ్ళు నడుపుతూనే ఉంటారు. భోగి మంట, ముగ్గులు, కనుమ గారెలు వీడియో కాల్‌లో చూసుకోవాల్సిందేనా? నన్నడిగితే భోగి నుంచి కనుమ దాకా ఊరికి పంపేయాలి, పోయేదేం లేదు. కాదనేవాళ్ళు లెక్కలతో రండి.

ర్యాంకు_మాస్టారు
లెక్కే చెబుతా. జేఈఈ మెయిన్ మొదటి విడత 2024లో జనవరి 24న, 2025లో 22న మొదలైంది. అంటే కనుమ వెళ్ళిన వారం పది రోజుల్లో పరీక్ష. 75 ప్రశ్నలు, 3 గంటలు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఈ దశలో కొత్త పాఠం ఎవడూ చదవడు. రోజుకో పాత పేపరు రాయడం, ఎక్కడ తప్పాడో పట్టుకోవడం, అంతే పని. ఊరెళ్తే పోయేది మూడు రోజులు కాదండీ. రానూపోనూ ప్రయాణం, అర్ధరాత్రి దాకా కబుర్లు, మంచులో తిరిగి పట్టే జలుబు, అన్నీ కలిపితే వారం.

కోనసీమ_కబురు
ఏప్రిల్‌లో రెండో విడత ఉంది కదా మాస్టారూ. రెండింట్లో మెరుగైన స్కోరే లెక్క.

ర్యాంకు_మాస్టారు
ఉంది. మధ్యలో ప్రాక్టికల్స్, ఇంటర్ థియరీ పరీక్షలు కూడా ఉన్నాయి. జనవరిలో ఒక మంచి స్కోరు చేతిలో ఉన్నవాడు మార్చిలో బోర్డు పరీక్షలు నిమ్మళంగా రాస్తాడు. మొదటి ఏడాది పిల్లాడైతే నేనే బస్సెక్కిస్తా, వాడి గురించి వాదనే లేదు.

గ్రౌండ్_పీడీ
చదువు సంగతి మాస్టారు చూసుకుంటారు, ఆటల సంగతి నేను చెబుతా. ‘క్యాంపు’ అనగానే తల్లిదండ్రులు కంగారు పడతారు గానీ అన్ని క్యాంపులూ ఒకటి కావు. సెలెక్షన్లు అయిపోయి, రాష్ట్ర జట్టు నేషనల్స్‌కి వెళ్ళే ముందు పెట్టే కోచింగ్ క్యాంపు ఒక రకం. అది ఎగ్గొడితే స్టాండ్‌బైలో ఉన్నవాడు మీవాడి జెర్సీ వేసుకుంటాడు. ఆ క్యాంపు పడితే పండగ మానుకోవాల్సిందే. ఖేలో ఇండియా యూత్ గేమ్స్ 2019లో పుణెలో జనవరి 9 నుంచి 20 దాకా, 2020లో గువాహటిలో 10 నుంచి 22 దాకా జరిగాయి. రెండుసార్లూ సంక్రాంతి మధ్యలోనే పడింది. అక్కడికి వెళ్ళాల్సిన పిల్లాణ్ణి అరిసెల కోసం ఆపుతామా?

రెండో రకం మామూలు ఫిట్‌నెస్ క్యాంపు. గ్రౌండ్ ఖాళీగా ఉంది, పిల్లలకు బడి లేదు, కాబట్టి పెడతారు. దీనికి నాలుగు రోజులు రాకపోతే కొంపలేం మునగవు. కోచ్‌ని మూడు సంగతులడగండి: ఈ క్యాంపులో జట్టు ఎంపిక ఉందా? దీని తర్వాత మొదటి పోటీ ఏ తేదీన? ఇంటి దగ్గర చేసుకోమని షెడ్యూల్ రాసిస్తారా? ఎంపిక లేదు, పోటీకి మూడు వారాలు పైనే ఉంది అంటే పంపేయండి. కాకపోతే డిసెంబరులోనే అడగాలి. భోగి ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి ‘సార్, ఊరెళ్తున్నాం’ అంటే ఏ కోచ్‌కైనా మండుతుంది.

ఫిజియో_గోదారి
పీడీ గారి మాటకు ఇంకాస్త జోడిస్తా. నాలుగైదు రోజులు ఆగితే కండబలం తగ్గదు. దమ్ము మాత్రం రెండు మూడు వారాలు పూర్తిగా మానేస్తే కొలిస్తే తెలిసేంత పడిపోతుంది. పైగా ఎదిగే పిల్లలకు వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో మొత్తం మూడు నెలలు (నెల చొప్పున విడదీసైనా సరే) తమ ఆట నుంచి విరామం ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. మన దగ్గర వేసవి వస్తే మే నెలంతా కోచింగ్ క్యాంపులు, దసరాకి క్యాంపు, సంక్రాంతికి క్యాంపు. ఇక ఆ విరామం ఎప్పుడు?

నా భయమల్లా ఊళ్ళో పండగ పోటీలు. అండర్-17 కబడ్డీ ఆడే కుర్రాడు వచ్చాడంటే ఊరివాళ్ళు ఊరుకోరు, ‘మన జట్టులో దిగరా అబ్బాయ్’ అంటారు. అక్కడ మ్యాట్ ఉండదు, బరువు పరిమితి ఉండదు, అవతల పట్టేవాడు పాతికేళ్ళ మనిషి. గట్టి నేల మీద కాలు కదలకుండా ఉండిపోయి ఒళ్ళు తిరిగిందంటే మోకాలి లిగమెంట్ తెగుతుంది. ఆపరేషన్ పడితే మళ్ళీ కోర్టులోకి రావడానికి తొమ్మిది నెలలు. ఊరికి పంపండి, ఆ బరిలోకి మాత్రం దింపకండి. ఈతగాళ్ళకూ ఒక మాట: ప్రాక్టీసు పోతుందని కాలవలో దిగొద్దు. దాళ్వాకి (రెండో పంటకి) నీళ్ళు వదిలే రోజులు, లాకుల దగ్గర లాగుడు ఎక్కువ.

గ్రౌండ్_పీడీ
బాగా చెప్పారు. ఇంటి దగ్గర రోజుకి 35 నిమిషాలు చాలు. 8 నిమిషాలు మెల్లగా పరుగు, 10 నిమిషాలు స్కిప్పింగ్ (నిమిషం ఆడటం, అర నిమిషం ఆగడం), బడి గ్రౌండులో 60 మీటర్ల పరుగులు 6, మధ్యలో నడిచి వెనక్కి రావడం, చివర్లో స్ట్రెచింగ్. పొలం గట్టు మీద పరుగులొద్దు, మంచుకి జారుతుంది, చీలమండ మడత పడుతుంది. తినకముందే చేయించండి. గారెలు తిన్నాక ఎవడూ కదలడు.

అరిసెల_అక్క
వెయిట్‌లిఫ్టింగ్, బాక్సింగ్, తైక్వాండో లాంటి బరువు తరగతుల్లో పోటీపడే పిల్లల సంగతి ఎవరూ ఎత్తరేం? 40 గ్రాముల అరిసెలో సుమారు 170 కేలరీలుంటాయి. పొద్దుటి నుంచి వచ్చేవాళ్ళతో, పోయేవాళ్ళతో నాలుగు తిన్నాడంటే ఒక పూట భోజనం అదనం. జంతికలు, సకినాల ఉప్పుకి ఒంట్లో నీరు పడుతుంది, తూకం ఒక్కసారిగా పెరిగినట్టు కనబడుతుంది. తిరిగొచ్చాక కంగారుపడి నీళ్ళు మాన్పించకండి. మామూలు తిండికొస్తే రెండు మూడు రోజుల్లో ఆ నీరు దిగిపోతుంది. పోటీకి ముందు బరువు చూసే తూకం రోజు వారంలోపే ఉంటే మాత్రం అరిసె ఒకటితో సరి, అది కూడా భోజనంలో భాగంగా.

ఇక ప్రయాణం. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. జనవరి 12 రైలుకి నవంబరు 13 పొద్దున 8కి కూర్చోవాలి. రాను టికెట్, పోను టికెట్ తేదీలు కోచ్‌ని అడిగాకే వేయండి.

ర్యాంకు_మాస్టారు
సరే, పంపక తప్పదంటే నా షరతులు రాసుకోండి. పేపరు రాసేది 9 నుంచి 12 మధ్యే, అసలు పరీక్ష పొద్దుటి షిఫ్టు వేళకి. కాగితం మీద కాదు, ల్యాప్‌టాప్ మీద. ఊళ్ళో నెట్ ఆడకపోతే అని ముందే పేపర్లు దించుకోవాలి. మైకు మోత వినబడని గది చూడాలి. భోగి నాడు పేపరు వద్దు, తెల్లారుజామున నాలుగింటికి లేచినవాడు పదింటికి లెక్కల్లో ప్లస్సుని మైనస్ చేస్తాడు. ఆ పూట పాత తప్పుల పుస్తకం తిరగేస్తే చాలు. మధ్యాహ్నం పడుకోనివ్వండి.

కోనసీమ_కబురు
మాస్టారు సగం దిగొచ్చారు!

ర్యాంకు_మాస్టారు
దిగలేదు. ఆ గది దొరకని ఇల్లయితే నా ఓటు హాస్టలుకే. ఇంకోటి, తిరుగు ప్రయాణం కనుమ రాత్రికే పెట్టాలి.

అరిసెల_అక్క
‘కనుమ నాడు కాకైనా కదలదు’ అనే అమ్మమ్మలకి మీరే ఫోన్ చేసి చెప్పండి మాస్టారూ. ముక్కనుమ తెల్లవారుజామున బయల్దేరితే సరిపోతుంది. ఆ తర్వాతి ఆదివారానికి మాత్రం వాయిదా వేయొద్దు, ఊళ్ళన్నీ ఒక్కసారి హైదరాబాద్ బయల్దేరతాయి, విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర బండి కదలదు.

గ్రౌండ్_పీడీ
బస్సు దిగిన రోజే గ్రౌండుకి పంపకండి. ఒక రాత్రి నిద్రపోనిచ్చి మర్నాడు పంపండి, మొదటి రోజు సగం వర్కవుటే ఇస్తాం.